శృంగవరపుకోట ప్రాంతంలో పాత వెండి: నాణేలు, ఉద్ధరిణెలు, చెంచాలు

పాత వెండి సేకరణ అంటే చెలామణి పోయిన వెండి నాణేలనూ, తరతరాలుగా ఇళ్లలో వాడుతూ వచ్చిన చెంచాలు, ఉద్ధరిణెలు, ఉగ్గుగిన్నెల వంటి వెండి సామానునూ పోల్చుకుని, ఏ కాలానివో తేల్చి, ఆ వివరాలతో సహా భద్రపరచడం. విజయనగరం జిల్లాలోని శృంగవరపుకోటను జనం ఎస్.కోట అంటారు. ఇది మైదానానికీ మన్యానికీ మధ్య గుమ్మంలాంటి ఊరు. విశాఖపట్నం నుంచి అనంతగిరి, అరకులోయలకు వెళ్లే దారి దీని మీదుగానే పోతుంది. ఒక దిక్కున విజయనగరం సంస్థానం, ఇంకో దిక్కున భీమునిపట్నం, విశాఖపట్నం రేవులు, పైన కొండ సంతలు. ఈ మూడు చోట్ల డబ్బూ ఇక్కడ చేతులు మారింది. అందుకే ఈ ప్రాంతపు ఇనప్పెట్టెల్లో, పూజ గదుల్లో, కొండ మీది ఆడవాళ్ల మెడలోని రూపాయల దండల్లో పాత వెండి కనిపిస్తుంది.

ఈ వెండికి రెండు విలువలున్నాయి. ఒకటి తూకానికి వచ్చేది. రెండోది ఆ వస్తువు మీది ముద్ర, అక్షరం, అరుగుదల చెప్పే సాక్ష్యం. కంసాలి మూసలో పడిన క్షణాన రెండోది శాశ్వతంగా పోతుంది. అందువల్ల పాత వెండి విషయంలో అమ్మకానికైనా కొనుగోలుకైనా ముందు జరగాల్సింది గుర్తింపు.

చారిత్రక నేపథ్యం

ఉత్తరాంధ్ర తీరంలో నాణేల వాడకం చాలా ప్రాచీనమైనది. వంశధార ఒడ్డున శాలిహుండం, విజయనగరం దగ్గర రామతీర్థం, భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాలు ఇక్కడి వర్తక మార్గాలకు గుర్తులు. తొట్లకొండ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు ఐదు రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ముఖలింగం రాజధానిగా మొదలైన తూర్పు గాంగుల ఏలుబడిలో వెండి కన్నా చిన్న బంగారు పణాలకే ప్రాధాన్యం. వాటి మీద నంది బొమ్మ, రాజ్య సంవత్సరం అంకె ఉంటాయి. ఆ తరువాత మొగలాయి, నిజాం పాలనల్లో వెండి రూపాయి స్థిరపడింది.

1765 నాటి మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766 నాటి నిజాం ఒడంబడికలతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. కంపెనీ ఈ జిల్లాల కోసమే 1794లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో, ఆవిరి యంత్రాల మీద రాగి నాణేలు కొట్టించింది. వాటి మీద కంపెనీ చిహ్నం, రెండు సింహాలు, రూపాయికి 48 అనో 96 అనో ఇంగ్లీషులో విలువ ఉంటాయి. అదే సంవత్సరం జూలై 10న పద్మనాభం యుద్ధంలో విజయనగరం సంస్థాన ప్రభువు చినవిజయరామరాజు కంపెనీ సేనల చేతిలో నేలకొరిగాడు. 1797లో ఇవే నాణేలు మరోసారి వచ్చాయి. ఇవి రాగివే అయినా, ఈ ప్రాంతపు వెండి నాణేలు సేకరించేవారు పక్కన పెట్టుకోదగ్గవి. రూపాయికి చిల్లర ఇవే. ఇలాంటి రాగి నాణేన్ని ‘డబ్బు’ అనేవారు. ధనమంతటికీ మనం ఇప్పుడు వాడే మాట ఆ రాగి బిళ్లదే.

నాణేలను పోల్చుకోవడం

నాణేనికి బొమ్మ, బొరుసు, అంచు అని మూడు భాగాలు. మూడూ చూడకుండా ఏ నాణేన్నీ నిర్ధారించకూడదు.

*విద్ధాంక నాణేలు.* ఇవి భారతదేశపు అతి ప్రాచీన వెండి నాణేలు. పలచటి వెండి రేకును ముక్కలుగా కత్తిరించి, ఒక్కో గుర్తును విడివిడిగా గుద్దేవారు. సూర్యుడు, చెట్టు, కొండ, ఏనుగు వంటి గుర్తులుంటాయి కానీ రాజు పేరు ఉండదు. ప్రామాణిక బరువు 32 గురిగింజల ఎత్తు, అంటే సుమారు మూడున్నర గ్రాములు. మూలలు కత్తిరించి ఉంటే అది లోపం కాదు, బరువు సరిచేసిన ఆనవాలు. అమరావతిలో ఇలాంటివి ఏడు వేలకు పైగా ఒకేచోట దొరికాయి. ఆ నిధి మీద పరమేశ్వరీలాల్ గుప్తా రాసిన గ్రంథాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1963లో ప్రచురించింది.

*శాతవాహన వెండి.* శాతవాహనులు సీసం, రాగి నాణేలు ఎక్కువగా వేశారు. వెండి నాణేల మీద మాత్రం రాజు తలను ముద్రించారు. వాటిలో ఒక వైపు ప్రాకృతం, రెండో వైపు దక్షిణాది దేశభాష కనిపిస్తాయి. మహారాష్ట్రలోని జోగల్‌తంబిలో 1906లో నహపాణుడనే రాజు వేసిన వెండి నాణేలు 13 వేలకు పైగా దొరికితే, వాటిలో తొమ్మిది వేలకు పైబడిన వాటి మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మళ్లీ కొట్టించి ఉన్నాడు. ఓడిన రాజు బొమ్మ మీద గెలిచిన రాజు ముద్ర పడిందంటే ఆ నాణెమే శాసనం.

*ఆర్కాటు రూపాయి, మద్రాసు వరహా.* ఆర్కాటు రూపాయల మీద ఇంగ్లీషు అక్షరం ఉండదు. మొగలు చక్రవర్తి రెండో ఆలంగీరు పేరు, ఆర్కాటు టంకశాల పేరు పారశీకంలో ఉంటాయి. తామరపువ్వు గుర్తు ఉంటే అది మద్రాసులో కొట్టినది. నెలవంక ఉంటే ఫ్రెంచివారు పుదుచ్చేరిలో కొట్టినది. చక్రవర్తి పోయిన చాలా కాలానికి కూడా అదే పేరు, అదే హిజ్రీ సంవత్సరం కొనసాగాయి కాబట్టి నాణెం మీది సంవత్సరాన్ని ముద్రణ సంవత్సరం అనుకోరాదు.

తెలుగు సేకర్త మనసుకు దగ్గరగా వచ్చే నాణెం 1807-08 ప్రాంతంలో మద్రాసు టంకశాల వేసిన వెండి అర వరహా. బరువు సుమారు 21 గ్రాములు. ఒక వైపు చుక్కల మధ్య అంతస్తుల గోపురం, రెండో వైపు తామరలోంచి వెలువడుతున్న విష్ణుమూర్తి. చుట్టూ ఇంగ్లీషు, పారశీకం, తమిళం, తెలుగు భాషల్లో విలువ. తెలుగులో ‘అర పూ వరహా’ అని చదవవచ్చు. చాలావాటిని స్పానిష్ డాలర్ల మీదే తిరిగి అచ్చుకొట్టారు. వెలుతురుకు వాలుగా పట్టుకుంటే గోపురం కింద స్పెయిన్ రాజు నాణెపు గీతలు లీలగా తేలుతాయి. పాలిష్ పెట్టిన నాణెంలో ఆ గీతలు మాయమవుతాయి.

*1835 తర్వాతి రూపాయి.* ఇళ్లలో దొరికే పాత వెండిలో ఎక్కువ భాగం ఇదే. 1835 చట్టంతో దేశమంతా ఒకే రూపాయి వచ్చింది. బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. నూటికి 91.7 పాళ్లు వెండి. ఇదే తులం. రూపాయిని తూనికరాయిగా వాడి ‘ఇన్ని రూపాయల ఎత్తు కడియం’ అని చెప్పుకునే అలవాటు ఇక్కడి నుంచి వచ్చిందే. అర్ధరూపాయి 5.83, పావలా 2.92, బేడ 1.46 గ్రాములు తూగాలి. బొమ్మను బట్టి క్రమం ఇలా ఉంటుంది:

- నాలుగో విలియం: అన్నింటి మీదా 1835 అనే ఉంటుంది.
- విక్టోరియా, కంపెనీ కాలం: అన్నింటి మీదా 1840. తల చుట్టూ అక్షరాలు ఏకధాటిగా ఉన్నవి ముందువి, రెండుగా విడిపోయినవి తర్వాతివి.
- విక్టోరియా, కిరీటంతో, ‘క్వీన్’ అనే బిరుదుతో: 1862 నుంచి. 1873 దాకా కొట్టినవాటి మీదా 1862 అనే ఉంది. బొరుసు మీది సన్నని చుక్కలను లెక్కపెట్టి అసలు సంవత్సరం తేలుస్తారు.
- విక్టోరియా, ‘ఎంప్రెస్’ అనే బిరుదుతో: 1877 నుంచి 1901 వరకు.
- ఏడో ఎడ్వర్డ్: 1903 నుంచి 1910 వరకు. తల మీద కిరీటం ఉండదు.
- అయిదో జార్జి: రూపాయి 1911 నుంచి 1922 వరకు, చిన్న వెండి నాణేలు 1936 వరకు.
- ఆరో జార్జి: వెండి రూపాయి 1938 నుంచి 1945 వరకు. 1940 నుంచి వెండి సగానికి, నూటికి 50 పాళ్లకు, తగ్గింది. 1947 రూపాయి నికెల్‌ది. దాని మీద పులి బొమ్మ ఉంటుంది.

1911 రూపాయికి ఒక కథ ఉంది. రాజు వస్త్రం మీది చిన్న ఏనుగు పందిలా కనిపించిందని జనం నొచ్చుకోవడంతో, కొట్టిన 94 లక్షల్లో బయటికి వచ్చిన సుమారు ఏడు లక్షలతోనే ఆపేశారు. 1912 నుంచి తొండం స్పష్టంగా చెక్కారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వెండి కరువైనప్పుడు అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం చేసి, 25 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించి భారతదేశ అవసరాల కోసం బ్రిటన్‌కు అమ్మింది. కాబట్టి ఎస్.కోట ఇంట్లో పసుపు గుడ్డలో మూటకట్టి ఉంచిన 1919 రూపాయిలో అమెరికా డాలరు వెండి ఉండి ఉండవచ్చు.

అదే కొరత వల్ల 1918లో రెండణాలు, 1919లో నాలుగణాలు, ఎనిమిదణాలు రాగి నికెల్ మిశ్రమంలో వచ్చాయి. వీటి మీద విలువ తెలుగులో కూడా ఉంటుంది. తెలుగు అక్షరాలున్న ఈ నాణేలను వెండివని పొరపడి ఎక్కువ ధర పెట్టేవారున్నారు. అక్షరాలు మనవే, లోహం మాత్రం వెండి కాదు.

ఉద్ధరిణె, ఉగ్గుగిన్నె, చెంచా

చేత్తో కలుపుకుని తినే ఇంట్లో వెండి చెంచా నేతి గిన్నెకే పరిమితం. తెలుగువారి అసలైన వెండి చెంచా పూజ గదిలో ఉంది. అది పంచపాత్రలో ఉండే ఉద్ధరిణె. ఆచమనానికి, తీర్థం ఇవ్వడానికి వాడేది. గుండ్రని చిన్న దోనె, సన్నని కాడ, కొన్నింటికి కాడ చివర పాము పడగ. పసిబిడ్డకు పాలు, ఉగ్గు పట్టే ఉగ్గుగిన్నె దీనికి తోబుట్టువు. దాని అంచు ఒక పక్క ముక్కులా సాగి ఉంటుంది.

స్థానికంగా చేసిన ఈ సామాను మీద ప్రభుత్వ ముద్రలు ఉండవు. పోల్చుకోవడానికి ఆధారం పేర్లు. కొత్త వస్తువు ఇంటికి రాగానే సన్నని ఉలితో చుక్కలు కొట్టించి ఇంటిపేరు, పెళ్లి గుర్తు, సంవత్సరం, కొన్నిసార్లు తులాల్లో బరువు రాయించడం మనవాళ్ల పాత అలవాటు. ఉదాహరణకు ఒక ఉద్ధరిణె కాడ వెనుక ‘విళంబి’ అని ఉంది అనుకుందాం. తెలుగు సంవత్సరాలు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కనుక అది 1898-99 కావచ్చు, 1958-59 కావచ్చు. అప్పుడు అక్షరాలను చూడాలి. అంకెలు ౧, ౨, ౩ అని తెలుగులో ఉన్నాయా? పేరులో బండి ఱ, అరసున్న ఉన్నాయా? చుక్కలు సుత్తితో కొట్టినట్లు లోతు తేడాగా ఉన్నాయా, యంత్రంతో గీసినట్లు ఒకే తీరుగా ఉన్నాయా? ఆ తరువాత తూకం వేయాలి. చెక్కిన బరువు ఆరు తులాలై, ఇప్పుడు తూకం 68 గ్రాములే ఉంటే, దాదాపు రెండు గ్రాముల వెండి తరతరాల చేతుల్లో, తోమకాల్లో అరిగిందన్నమాట. ఈ లెక్కలో తులం 11.66 గ్రాములది. నేటి అంగళ్లలో తులం 10 గ్రాములు అనే లెక్క దీనికి వర్తించదు.

తినడానికి వాడే దొరల చెంచాలు కంపెనీ అధికారులు, జమీందారీ బంగళాలు, రైల్వేల ద్వారా ఈ ప్రాంతానికి వచ్చాయి. ఇంగ్లండులో చేసిన అసలు వెండి చెంచా కాడ వెనుక చిన్న ముద్రల వరస ఉంటుంది. నడుస్తున్న సింహం ఉంటే నూటికి 92.5 పాళ్లు వెండి. చిరుతపులి తల లండన్‌కు, లంగరు బర్మింగ్‌హామ్‌కు, కిరీటం షెఫీల్డ్‌కు గుర్తు. ఒక అక్షరం సంవత్సరాన్ని తెలుపుతుంది. పక్కన రాజు తల కూడా ఉంటే అది పన్ను కట్టిన గుర్తు. 1784కూ 1890కీ మధ్యది అని అర్థం. ఈ ముద్రలు దోనెకు దగ్గరగా, కాడ సన్నబడే చోట ఉంటే సాధారణంగా 1780కి ముందరి చెంచా, కాడ పై చివర ఉంటే తరువాతిది.

భారతదేశంలో దొరల కోసం చేసిన వెండికి అలాంటి చట్టబద్ధమైన ముద్ర లేదు. తయారీదారుల పేర్లే ఆధారం. మద్రాసులో పి. ఆర్ అండ్ సన్స్, కలకత్తాలో హామిల్టన్ అండ్ కంపెనీ ప్రసిద్ధులు. మద్రాసు వెండి మీద దేవతా మూర్తులు ఉబ్బెత్తుగా చెక్కిన పనిని ‘స్వామి’ పనితనం అని పిలిచేవారు.

వెండి పూత పూసిన చెంచాలే సంఖ్యలో ఎక్కువ. ఈ, పీ, ఎన్, ఎస్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉంటే అది నికెల్ మిశ్రమం మీద విద్యుత్ పూత. ఈ పద్ధతికి ఎల్కింగ్టన్ సంస్థ 1840లో పేటెంటు పొందింది. జర్మన్ సిల్వర్ అనే లోహంలో వెండి అసలే లేదు. అది రాగి, నికెల్, జింకుల కలయిక. పూతను పట్టుకోవడానికి చెంచాను బోర్లించి దోనె వెనుక ఉబ్బిన చోటు చూడాలి. బల్ల మీద పెట్టినప్పుడు ఆనేది అక్కడే. పూత ముందుగా అక్కడే అరిగి, లోపలి పసుపు పచ్చ బయటపడుతుంది.

పరీక్షలు

కంసాలి గీటురాయి మీద గీసి, ఆమ్లం చుక్క వేసి చూడటం పాత పద్ధతి. నగకు అది సరిపోతుంది కానీ నాణేనికి, ముద్రలున్న చెంచాకు గాటు మిగులుస్తుంది. హాని చేయని పరీక్షలతో మొదలుపెట్టాలి.

అయస్కాంతానికి వెండి అంటుకోదు. అంటుకుంటే పక్కన పెట్టవచ్చు. అంటుకోనంత మాత్రాన వెండి అని తేలదు, రాగి కూడా అంటుకోదు. మందం, వ్యాసం, బరువు మూడూ కొలవాలి. 1835 తర్వాతి రూపాయి వ్యాసం సుమారు 30.5 మిల్లీమీటర్లు.

అన్నిటికన్నా నమ్మకమైనది నీటి తూకం. గ్రాములో వందో వంతు చూపే చిన్న కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయాలి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీటిలో వేలాడదీయాలి. అప్పుడు కాటా చూపే అంకెతో నాణెం బరువును భాగిస్తే లోహపు సాంద్రత వస్తుంది. వాడకంలో కాస్త అరిగి 11.60 గ్రాములున్న విక్టోరియా రూపాయిని ఇలా వేలాడదీస్తే కాటా 1.12 దగ్గర ఆగాలి. భాగిస్తే 10.36. అసలు రూపాయి సాంద్రత 10.3కు కాస్త అటూఇటూ ఉంటుంది. జర్మన్ సిల్వర్‌తో పోతపోసిన నకిలీ అయితే కాటా 1.3 దాటుతుంది, సాంద్రత తొమ్మిది లోపే ఉంటుంది. 1940 తర్వాతి సగం వెండి రూపాయికి తొమ్మిదిన్నర వస్తుంది.

నకిలీలు, మోసాలు

పోత నాణేలకు అంచు మీది గాట్లు మొద్దుబారి ఉంటాయి, ఉపరితలం మీద సూది మొనంత గుంటలు కనిపిస్తాయి. అసలు నాణెం అచ్చు దెబ్బకు పుట్టింది కాబట్టి అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. అరుదైన సంవత్సరాల కోసం అంకెలను మార్చి చెక్కేవారూ ఉన్నారు. 1939 నాటి వెండి రూపాయి అరుదైనది కాబట్టి దాని విషయంలో భూతద్దం తప్పనిసరి.

సీతారామలక్ష్మణులు, హనుమంతుడు ఉన్న బిళ్లల మీద ఈస్టిండియా కంపెనీ పేరు, 1616, 1717, 1818 వంటి సంవత్సరాలు, అణా విలువ కనిపిస్తే అవి కంపెనీ నాణేలు కావు. రామటంకాలను పూజలో ఉంచుకునే మన సంప్రదాయాన్ని ఆసరా చేసుకుని తర్వాతి కాలంలో తయారైన బిళ్లలవి. ఇలాంటి రాగి బిళ్లలు బియ్యపు గింజలను లాగుతాయని చెప్పి లక్షలు దండుకునే ‘రైస్ పుల్లింగ్’ మోసం తెలుగు జిల్లాల్లో ఎన్నో కుటుంబాలను నిలువునా ముంచింది. ఏ నాణేనికీ అలాంటి శక్తి లేదు. పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని రుసుములు అడిగే వారిని నమ్మవద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

శుభ్రత, భద్రత

వెండి సామానును చింతపండుతోనో విభూదితోనో పళ్లపొడితోనో తళతళలాడేలా తోమడం మన ఇళ్లలో పండగ పని. రోజూ వాడే కంచానికి అది తగును. పాత నాణేనికి, చెక్కిన పేరున్న ఉద్ధరిణెకు మాత్రం అది హాని. గాలిలోని గంధకంతో కలిసి ఏర్పడే నల్లని పొర లోహాన్ని కప్పి ఉంచుతుంది. తోమిన ప్రతిసారీ ఆ పొరతో పాటు వెండి కూడా పోతుంది. మట్టి ఉంటే గోరువెచ్చని మంచినీటిలో నానబెట్టి, మెత్తని నూలు గుడ్డతో అద్ది ఆరబెడితే చాలు. నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకోవాలి. మెత్తని ప్లాస్టిక్ సంచులు కాలక్రమంలో పచ్చని జిగురు కారుస్తాయి. రబ్బరు బ్యాండులోని గంధకం చార పడేస్తుంది. ఆమ్లం లేని కాగితపు కవర్లు, గట్టి పారదర్శక డబ్బీలు మేలు. సముద్రపు గాలి తగిలే ఈ జిల్లాల్లో పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఉంచి, వానాకాలంలో మార్చాలి.

చట్టం

పొలం దున్నుతుంటేనో పునాది తవ్వుతుంటేనో మట్టిలో దాగి ఉన్న నాణేలు బయటపడితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. విలువ పది రూపాయలు దాటితే దొరికినవారు కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి. పాత యజమాని ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు నాలుగింట మూడు వంతులు కనుగొన్నవారికీ, ఒక వంతు భూయజమానికీ చెందుతాయి. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహపు విలువకు అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. దాచిపెట్టడం నేరం. పైగా కుండలోని నాణేలను పంచుకుని విడదీస్తే, అవన్నీ ఒకేసారి పాతిపెట్టినవన్న సాక్ష్యం పోతుంది.

నూరేళ్లు దాటిన నాణేలు, కళాఖండాలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం ప్రకారం అలాంటి వాటిని వ్యక్తులు విదేశాలకు తీసుకుపోరాదు. విదేశాల్లోని పిల్లలకు తాతమ్మ ఉగ్గుగిన్నె పంపాలనుకునే కుటుంబాలు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

నమోదు

సేకరణకు ప్రాణం చీటీ. ప్రతి వస్తువుతోనూ ఒక చీటీ ఉండాలి: బరువు, కొలతలు, ముద్రల వివరం, చదవగలిగిన అక్షరాలు ఉన్నవి ఉన్నట్లుగా, ఎవరి చేతి నుంచి ఎప్పుడు వచ్చింది, వారు చెప్పిన కథ. రెండు వైపులా తీసిన ఫొటో ఉండాలి. కొండ మీది రూపాయల దండ అయితే నాణేలను విడదీయకుండా, ఏ వరసలో ఏ సంవత్సరం ఉందో రాసుకోవాలి. నాణేలకు వేసిన కొక్కేలు, రంధ్రాలు వర్తకుడి లెక్కలో ధర తగ్గించేవి. చరిత్ర లెక్కలో, సంతకు వచ్చిన రూపాయి ఖర్చు కాకుండా ఆభరణంగా మారిందని చెప్పేవి అవే.

పోల్చి చూసుకోవడానికి హైదరాబాదులోని రాష్ట్ర మ్యూజియం, 2022లో అక్కడి సైఫాబాద్ పాత టంకశాలలో తెరిచిన మ్యూజియం, ముంబయిలోని రిజర్వు బ్యాంకు ద్రవ్య ప్రదర్శనశాల ఉపయోగపడతాయి.

పాత వెండి ఇచ్చి కొత్త పట్టీలు తీసుకోవడం ఏ ఇంటికైనా సహజమైన అవసరం. దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ అంగడికి వెళ్లే ముందు ఒక్క పూట ఆ మూట విప్పి, ఉద్ధరిణె కాడ వెనుక ఏమి రాసి ఉందో పెద్దవాళ్ల చేత చదివించాలి. చదివినది కాగితం మీద పెట్టి, ఫొటో తీయాలి. వస్తువు పోయినా ఆ ఇంటిపేరు, ఆ సంవత్సరం, ఆ తులాల లెక్క అప్పుడు మూసలో కలిసిపోవు.